మాటల్లేకుండా తీసిన సీను

1979 వేసవిలో నన్ను తిరువళ్ళూరు పంపించారు. హోదా సంభాషణల రచయిత. అంతకుముందు మద్రాసులో ఒక పెద్ద రచయిత దగ్గర సహాయకుడిగా ఉండేవాణ్ణి. ఆయన చెప్పింది రాసుకోవడం, సాఫు కాపీ తీయడం, కెమెరా పక్కన నిలబడి నటులకు మాటలు అందించడం నా పని. ఈసారి నిర్మాత, "సినిమా పూర్తయ్యేదాకా నిలబడితే టైటిల్లో 'మాటలు' అని నీ పేరే వేస్తాను" అన్నారు. నిలబడటంలో అంత కష్టం ఏముంటుందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

బస తిరువళ్ళూరు లాడ్జీలో. షూటింగు తిరుత్తణి దగ్గర పల్లెలో, మునిరత్నం నాయుడు అనే తెలుగు రైతు ఇంట్లో. కథ చిన్నదే. తండ్రి మాట కాదని పెళ్ళి చేసుకున్న కూతురు కొన్నేళ్ళకు ఇంటికొస్తుంది. తండ్రి ఆమెను లోపలికి పిలుస్తాడా, తిప్పి పంపేస్తాడా అన్నదే ప్రశ్న. పిలవాలని దర్శకుడు. పంపేయాలని సీడెడ్ జిల్లాల బయ్యరు. బయ్యరంటే ఒక ప్రాంతానికి హక్కులు కొనుక్కుని సినిమా పూర్తికాకముందే పెట్టుబడి పెట్టేవాడు కాబట్టి ఆయన అభిప్రాయానికి బరువెక్కువ. పొద్దున ఒక కథ, సాయంత్రం ఇంకో కథ. నేను రాసిన కాగితాలు నేనే చింపుకునేవాణ్ణి. ఏ తండ్రికి రాస్తున్నానో తెలియక తల తిరిగిపోయేది.

ఆ సీను తీయాల్సిన రోజుకు కూడా తగువు తెగలేదు. కూతురు వేషం వేసిన అమ్మాయి మర్నాడు బొంబాయి వెళ్ళిపోతోంది, మళ్ళీ ఆమె డేట్లు దొరకవు. నన్నేమో నిర్మాత లాడ్జీలో బయ్యరు ముందు కూర్చోబెట్టారు. అక్కడ పల్లెలో దర్శకుడు మాటలు లేకుండానే సీను తీసేశాడు. ఇది మా వృత్తిలో ఉన్న పద్ధతే. నటుడు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెబుతూ అభినయిస్తాడు, తర్వాత డబ్బింగు థియేటర్లో అసలు మాటలు నింపుతారు. తండ్రి వేషం సత్యమూర్తి గారిది. నాటకాల్లో పండిన మనిషి. అంకెలు చెప్పి ఏడవడం తన వల్ల కాదని, ఆయన సొంతంగా ఏవో మాటలు అన్నారట. మెల్లగా అన్నారట, ముఖం మీదే ధ్యాసున్న దర్శకుడు మాటలు పట్టించుకోలేదట. శబ్దం రికార్డు చేసే యంత్రం ఆ రోజు రానేలేదు.

మద్రాసు తిరిగొచ్చాక బయ్యరు మాటే నెగ్గింది. తండ్రి కూతుర్ని తిప్పి పంపేయాలి. డబ్బింగులో ఆ ఫిల్ము ముక్కను రెండు కొసలూ కలిపి అతికించి, తెర మీద తిప్పిందే తిప్పుతారు. దాన్ని లూపు అంటారు. ప, బ, మ పలికితే పెదవులు కలుస్తాయి. తెర మీద పెదవులు కలిసిన చోటల్లా ఆ అక్షరాలే పడాలి. అది కష్టమైనా చేయగలిగిన పని. కానీ ఆ తండ్రి ముఖం నాకు కొరుకుడు పడలేదు. కోపం లేదు, కళ్ళల్లో నీళ్ళున్నాయి. తిట్లు రాస్తే ముఖం ఒప్పుకోదు, ఓదార్పు రాస్తే కథ ఒప్పుకోదు. సత్యమూర్తి గారినే అడిగాను. "ఆ క్షణాన ఏదో వచ్చింది, అన్నాను. అది ఇప్పుడెక్కడ గుర్తుంటుందయ్యా?" అన్నారు.

నిర్మాత విసిగిపోయి, వారంలోగా నేను తేల్చకపోతే మా గురువు గారిని పిలుస్తానన్నారు. పిలిస్తే టైటిల్లో పేరూ ఆయనదే అవుతుంది. నాకు నిజంగా భయం వేసింది. ముప్పై దాటిన వయసు, పెళ్ళాం, పిల్ల. ఇంకెన్నాళ్ళు సాఫు కాపీలు తీస్తాను?

ఆ రోజు అక్కడ నిలబడి విన్నవాళ్ళను అడుగుదామని బస్సెక్కి ఆ పల్లెకు వెళ్ళాను. మునిరత్నం నాకు మజ్జిగ ఇప్పించి, "అన్నా, ఆయప్ప సేద్యం సంగతి చెప్పినాడు. బాయిలో నీళ్ళు లేవు, చెరుకంతా ఎండిపాయె అన్నాడు. నాకు రొంబ కష్టమైపాయె" అన్నాడు.

ఆయన భార్య రాజమ్మ లోపలి నుంచే కసిరింది. "నీ తలకాయ. నువ్వు యాడ ఉన్నావప్పుడు, బండి కాడ కదా? అన్నా, నేను వాకిట్లోనే ఉండా. బస్సు యాడ దొరికెమ్మా, అన్నం తినేసి పోతావా, ఎండ తగ్గినాక పో అన్నాడు. అంతే అన్నాడు."

చెవులు సరిగా వినిపించని మునిరత్నం తల్లి అందరికంటే గట్టిగా, "తప్పైపాయె తల్లీ అని మొక్కినాడు, నేను విన్నా" అంది.

ముగ్గురూ తాము కళ్ళు తుడుచుకున్నామనే అన్నారు. ఎందుకని అడిగితే మూడు కారణాలు. బస్సులో తిరిగొస్తూ నేను ఎవరిని నమ్మాలో తేల్చుకోలేకపోయాను. పెదవుల లెక్కకు రాజమ్మ చెప్పినవి కొంత దగ్గరగా ఉన్నట్టనిపించి, మిగతావి సర్ది, అవే రాశాను.

బయ్యరు మాటకు ఒప్పేసుకున్న దర్శకుడు డబ్బింగులో ముందు గొడవ చేశాడు. తిప్పి పంపాల్సిన తండ్రి అన్నం తింటావా అని అడగడమేమిటన్నాడు. సత్యమూర్తి గారు మాత్రం మైకు ముందుకు వెళ్ళి చదివారు. "బస్సు ఎక్కడ దొరికిందమ్మా? భోంచేసి వెళ్తావా? ఎండ తగ్గాక బయల్దేరు." లూపు తిరుగుతోంది. తెర మీద కూతురు తలొంచుకుంది. అప్పుడు తెలిసింది నాకు. అవి ఇంటికొచ్చిన చుట్టంతో అనే మాటలు. ఈ ఇల్లు నీది కాదని అంతకంటే స్పష్టంగా ఏ తిట్టూ చెప్పలేదు. దర్శకుడు తర్వాతి లూపు వేయమన్నాడు. తర్వాత బయటికొచ్చాక, "అప్పుడు మీరన్నది ఇదేనా?" అని సత్యమూర్తి గారిని అడిగాను. ఆయన "అయి ఉండొచ్చు. కాకపోనూవచ్చు" అని కారెక్కారు.

టైటిల్లో నా పేరు పడింది. ఆ తర్వాత పాతికేళ్ళు సినిమాలకు, టీవీ సీరియళ్ళకు రాశాను. ఆ సీను చూసే నన్ను పిలిచామని చాలామంది నిర్మాతలు చెప్పారు. అది నేను రాసిందో, రాజమ్మ చెప్పిందో, సత్యమూర్తి గారు అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. నేర్చుకున్నది ఒక్కటే. కథ తేలినా తేలకపోయినా, మాటలు కాగితం మీద పెట్టకుండా మళ్ళీ ఏ సీనూ తీయనివ్వలేదు. తప్పు మాటలైనా సరే, అవి నావని నాకు తెలియాలి.