చిన్న చిన్న మార్పులే అన్నాను

యాదగిరిగుట్టలో లాడ్జీలు నడిపే మా క్లయింటుకు ఈ మధ్యాహ్నం వీడియో కాల్‌లో నేనొక్కదాన్నే బుకింగ్ యాప్ చూపించాను. అది మా టీమ్ రెండు వారాల పని. ఆయన మూడో స్క్రీన్ దగ్గరే ఆపేశారు.

“గిన్ని ప్రశ్నలడిగితే భక్తులు రూమ్ తీసుకుంటరా, పారిపోతరా? నాకొద్దమ్మా గిది. మొత్తం తీసెయ్యుండ్రి.”

కాల్ ముగించి మీటింగ్ గది బయటికొస్తే మా నల్గొండ ఆఫీసులో అందరూ నా ముఖమే చూస్తున్నారు.

“జర చిన్న చిన్న మార్పులు చెప్పిన్రు” అన్నాను. ఎంత మెత్తగా అన్నానంటే నాకే నిజమనిపించింది.

ఆ స్క్రీన్లు చేసిన కొత్తమ్మాయి రమ్య “అంటే నచ్చినట్టే కదక్కా?” అంది. తలూపాను.

సాయంత్రం రమ్య అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించింది. నాది ఇంకా కాగితంలోనే ఉంది. రేపు పొద్దున ఆయనే ఆఫీసుకు వస్తున్నారు.

మీరైతే ఇప్పుడే రమ్యకు ఫోన్ చేస్తారా, ఈ ఒక్క రాత్రి నిద్రపోనిస్తారా?