ఏడు చేపల కథ చెప్పిన రోజు

మాది పోర్ట్‌బ్లెయిర్‌లోని బతు బస్తీ. మా ఆయన సముద్రం మీద వేటకెళతాడు, నేను చేపలు ఎండబెట్టి అమ్ముతాను. పోయినేడు మా దీప్తి రెండో తరగతిలో ఉండగా, పిల్లలకు పాత కథలు చెప్పమని బడివాళ్లు తల్లులను పిలిచారు. ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లి, ఏడు చేపల కథ సగం తెలుగు, సగం హిందీలో మొదలుపెట్టాను.

ఆ ఒక్క చేపా ఎందుకు ఎండలేదని అడగ్గానే ఓ పిల్లాడు ముక్కు మూసుకున్నాడు. “ఆంటీ, మీ ఇంట్లో అయితే బాగా ఎండుతాయి! దీప్తి యూనిఫాం రోజూ అదే బద్‌బూ!”

క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అందరికంటే గట్టిగా నవ్వింది నా కూతురే.

ఇంటికొస్తుంటే, “అమ్మా, నువ్వింక స్కూల్‌కి రావద్దు” అంది.

ఊయలలో ఉన్నప్పటి నుంచీ దానికి చెప్పిన కథ అది. ఇప్పుడు అది అడగదు, నేను చెప్పను. దాని యూనిఫాం ఆరేసే తాడు మాత్రం చేపలకు దూరంగా, ఇంటి వెనక్కి మార్చాను.