నాయనమ్మ కుట్టించిన పరుపు లాగు

ఆ రోజుల్లో మా వైపు పిల్లల క్షేమం కోసం పెద్దలు తీసుకునే జాగ్రత్త మొత్తం ఒక్క మాటలో ఉండేది: "పడ్డావంటే తంతా." పడకుండా ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. పడ్డాక ముందు తన్నేవారు, తరవాత దెబ్బ ఎక్కడో చూసేవారు, ఆ తరవాత గట్టు మీద దొరికే గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండేవారు. ఆ పసరు మంట కన్నా తన్నులే నయమనిపించేది. పొద్దున బయటపడ్డ పిల్లలు ఆకలేసినప్పుడు తిరిగొస్తే చాలు, మధ్యలో ఏ చెట్టు మీద ఉన్నారో కనుక్కునే తీరిక మిరపకాయల రోజుల్లో ఎవరికుంటుంది? ఊరు ఊరంతా అంతే, ఒక్క మా ఇల్లు తప్ప. మా ఇల్లు అలా కాకపోవడానికి కారణం నా కుడిచెయ్యి.

పదేళ్ళ వయసులో నేను గడ్డివాము మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. మా ఊళ్ళో అదేమంత విశేషం కాదు. కట్టు విప్పిన కొత్తలో ఎవరో "ఎట్టా పడ్డావురా?" అని అడిగారు. మాటల్లో చెప్పడం చేతకాక మళ్ళీ వాము ఎక్కి పడి చూపించాను. అదే చెయ్యి, అదే చోట. (అడిగినవాడికి మాత్రం చక్కగా అర్థమైంది.) రెండోసారి కట్టు కట్టించుకుని గుంటూరు నుంచి బస్సులో వస్తూ, నల్లపాడు దాటేదాకా అమ్మ కండక్టరుకి నా ఘనకార్యం చెబుతూనే ఉంది. దాటాక మాత్రం నా వైపు తిరిగి, వేసవి సెలవుల్లో అరుగు దిగడానికి వీల్లేదని తేల్చి చెప్పింది.

సెలవులొచ్చాయి. కట్టు పోయింది గానీ అరుగు పోలేదు. అమ్మానాన్నలు ఊరి చివర కళ్ళంలో మిరపకాయలు ఎండబెట్టి రంగు పోయిన తాలుకాయలు ఏరించే పనిలో ఉంటే, నేను స్తంభానికి ఆనుకుని, వీధిలో పోయే పిల్లలనీ కుక్కలనీ ఒకే రకం అసూయతో చూస్తూ ఉండేవాణ్ణి. చూసి చూసి మా నాయనమ్మకి కడుపు తరుక్కుపోయింది. "వాడేమన్నా దూడా అమ్మాయ్, గుంజకి కట్టెయ్యడానికి? దెబ్బ తగలకుండా ఆడించే పూచీ నాది" అని అమ్మ దగ్గర మాటిచ్చేసింది. అమ్మ అత్తగారి మాట కాదనలేదు. కాకపోతే చిన్న గీత పడ్డా సరే, బడి తెరిచేదాకా నేను మళ్ళీ అరుగు మీదేనని షరతు పెట్టింది. అంటే ఆ ఏడు నా వేసవి మొత్తం నా ఒంటి మీది చర్మం పైన ఆధారపడింది.

సరిగ్గా అప్పుడే పరుపులు కుట్టే సాయిబు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని మా వీధిలోకి వచ్చాడు. ఏటా వేసవిలో వచ్చి, మా చేలో పండిన పత్తిని ఏకి, దిండ్లూ పరుపులూ కుట్టి వెళ్ళేవాడు. నాయనమ్మ నన్ను ఆయన ముందు నిలబెట్టి, వీడికో లాగు కుట్టి లోపల దూది దట్టించమంది. ఆయన నా చుట్టూ తిరిగి చూశాడు. మనిషి అనుభవస్థుడే గానీ, ఇలాంటి గిరాకీ ఎప్పుడూ తగిలినట్టు లేదు.

"దిండంటే నాలుగు మూలలుంటాయమ్మా. పిల్లాడికి మూలలెక్కడని చూసేది?"

"పడితే నేలకి తగిలేయన్నీ మూలలే అనుకోవయ్యా" అంది నాయనమ్మ.

ఆయన అలాగే అనుకున్నాడు. నీలం చారల పరుపు గుడ్డతో చంకల కింద నుంచి మోకాళ్ళ దాకా ఒకటే లాగు తయారైంది. దూది ఒకచోటికి జరక్కుండా పరుపుకి వేసినట్టే దబ్బనంతో అక్కడక్కడా దారం దించి ముడులు కూడా వేశాడు. (ఒక ముడి సరిగ్గా కూర్చునే చోట పడింది. ఆ సెలవుల్లో నేను ఎక్కడా కుదురుగా కూర్చోకపోవడానికి అదొక కారణం.) మోచేతులకి చెరో బుల్లి దిండు. నేను విప్పి పారేస్తానని బొందు వెనకవైపు పెట్టించింది నాయనమ్మ. ఆ ముడి ఆవిడే వెయ్యాలి, ఆవిడే విప్పాలి. తొడిగాక నన్ను అరుగు మీంచి కింద పడమంది. పడ్డాను. నొప్పి లేదు. మళ్ళీ పడమంది. మూడోసారి ఆవిడ అడక్కుండానే పడ్డాను.

మా గుంపుకి నాయకుడు డీజిలు. వాళ్ళ నాన్న చేలకి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను నడిపేవాడు గనక వాడి దగ్గర ఎప్పుడూ ఆ వాసనే వచ్చేది, పేరు కూడా అదే స్థిరపడింది. నన్ను చూడగానే గుంపంతా పడీ పడీ నవ్వి, వెంటనే 'పరుపు' అని పేరు పెట్టేసింది. డీజిలు మాత్రం నవ్వలేదు. నా పొట్ట మీద గుద్ది చూశాడు. నాకేం కాలేదు. "ఒరేయ్, వీడు చెడుగుడుకి పనికొస్తాడ్రా" అన్నాడు.

పనికొచ్చాను. ఊరికి ఇటు చివర, కాయలు ఎత్తేసిన మరో కళ్ళంలో ఆడేవాళ్ళం. నేల నున్నగా ఉండేది, కానీ మిరప ఘాటు పోయేది కాదు. కూత పెడుతూ వెళ్ళినవాడు మధ్యలో తుమ్మితే అవుటే. నేను తుమ్మితే అవుటయ్యేవాణ్ణేమో గానీ, నన్ను వాటేసుకున్నవాడి చేతులు నా చుట్టూ అందేవి కావు. రోహిణీ కార్తె ఎండలో ఆ లాగులో ఉడికిపోతూ కూడా, ఎవరూ దూకనంత ధైర్యంగా నేల మీదికి దూకేవాణ్ణి. నాయనమ్మ గట్టు మీద గొడుగు వేసుకుని కాపలా కూర్చునేది. నేను పడ్డప్పుడల్లా పక్కనున్నవాళ్ళకి లాగు చూపించేది, నన్ను కాదు.

ఒక రోజు పడమటి బజారు పిల్లలతో పందెం కట్టి గెలిచాం. గెలిచేసరికి అందరి ఒళ్ళూ మిరప దుమ్ముతో భగభగ మండుతున్నాయి. పక్కనే డీజిలు వాళ్ళ ఇంజను నీళ్ళు పడే సిమెంటు తొట్టి. అందరూ అందులోకి దూకారు. నేనూ దూకాను. మొదట బెండులాగా తేలాను. మిగతావాళ్ళు కాళ్ళు కొట్టుకుంటుంటే నేను వెల్లకిలా పడుకుని నవ్వాను కూడా. ఆ తరవాత దూది నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. మెల్లగా కిందికి దిగి తొట్టి అడుగున కూర్చున్నాను. నిలబడితే తొడల లోతు నీళ్ళే, కూర్చుంటే గడ్డం దాకా వచ్చాయి. లేవబోతే లాగు లేవనివ్వలేదు. డీజిలూ వాళ్ళూ రెక్కలు పట్టుకుని లాగారు. భుజాలు వచ్చేలా ఉన్నాయి గానీ నేను రాలేదు. వాళ్ళు లాగుతుంటే కాలు జారి ఒక గుటక నీళ్ళు మింగాక నాకు నిజంగా భయమేసి, "నాయనమ్మా" అని ఏడ్చాను.

గొడుగు గట్టు మీదే పడిపోయింది. ఈత రాని మనిషి, చీర కూడా ఎగదోపుకోకుండా తొట్టిలోకి దిగింది. తడిసిన ముడి ఆవిడకే లొంగలేదు. "కొడవలి తేరా" అంది. డీజిలు ఇంజను కొట్టంలోంచి పట్టుకొచ్చిన కొడవలితో బొందు కోసి, నన్ను ఉల్లిపాయ పొట్టు తీసినట్టు లాగులోంచి బయటికి తీసింది. రెండు బజార్ల పిల్లల ముందు నేను ఏ రూపంలో బయటికొచ్చానో వివరించనక్కర్లేదు. ఒంటి మీద ఒక్క గీత లేదు. గుడ్డ కూడా లేదు. నాయనమ్మ నన్ను కొంగుతో చుట్టి గట్టు మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"దూదితో అయ్యే పని కాదురా ఇది" అంది. "పడితే లే. లేవలేకపోతే నన్ను పిలువు."

సాయంత్రం అమ్మ వచ్చేసరికి వాకిట్లో లాగు చింపి పరిచిన తడి దూది. అదేమిటని అడిగింది. నిజం చెబితే నా సెలవులు ఆ క్షణంలోనే అయిపోతాయి. నాయనమ్మ ఎటో చూస్తూ, "నీ కొడుకు మధ్యాహ్నం దాంతోనే పడుకుని తడిపాడు" అంది. అమ్మ నా వైపు తిరిగింది. పదేళ్ళవాడి పరువు ఒక పక్క, చెడుగుడు ఒక పక్క. నేను తల దించుకున్నాను. తన్నులు పడతాయనుకున్నాను గానీ, అమ్మ దగ్గరికొచ్చి తల నిమిరింది. "అరుగు మీద కట్టేసి పిల్లాణ్ణి బెదరగొట్టాను అత్తయ్యా. రేపట్నించి మామూలు లాగుతోనే ఆడుకోనీండి" అంది. ఆ వారంలోనే నా రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయాయి. ఆ పసరు నాయనమ్మే పిండింది. అమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

ఆ దూది ఎండాక దిండయింది. ఇప్పటికీ నా తల కింద అదే ఉంది, గట్టిపడి రాయిలా తయారైనా మార్చబుద్ధి కాదు.

మొన్న మా చిన్నమ్మాయికి సైకిలు నేర్పుదామని బ్రాడీపేటలో ఒక కొట్టుకి వెళ్ళి మోకాళ్ళకీ మోచేతులకీ కట్టే మెత్తలు కొన్నాను. లోపల దూది ఉందా, నీళ్ళు పీలుస్తుందా అని అడిగితే కొట్టు కుర్రాడు నన్ను అదోలా చూశాడు. ఆ కుర్రాడికేం తెలుసు? అవి కట్టుకుని మా అమ్మాయి సైకిలు తిన్నగా మా వీధి చివర వాననీళ్ళ మడుగులోకి పోనిచ్చింది. లేచి, బురద తుడుచుకుంటూ, "అమ్మకి చెప్పొద్దు నాన్నా, రేపు పంపదు" అంది. ఇంటికొచ్చి మెత్తలు కడిగి ఆరేశాం. మా ఆవిడ చూడనే చూసింది. ఇవెందుకు తడిశాయని అడిగింది. అమ్మాయి నా వైపు చూసింది. నేను ఎటో చూస్తూ, చెంబుడు నీళ్ళు వాటి మీద నేనే ఒలకబోశానన్నాను. ఈ వయసులో కూడా ఒక్క పనీ తిన్నగా రాదని మా ఆవిడ విసుక్కుంది. నేను తల దించుకున్నాను. ఆ పని నాకు పదేళ్ళప్పటి నుంచీ అలవాటే.