మా గడప మీద ఎర్రగుడ్డు

నా చిన్నప్పుడు తాండూరులో మా ఇంటి ముందు గదుల్లో ఒక చీనా కుటుంబం అద్దెకుండేది. ఆయన పండ్ల డాక్టరు. స్టేషన్ రోడ్డులో ఒక చిన్న గది, దాని బయట పెద్ద పలువరుస బొమ్మ గీసిన బోర్డు. ఊళ్లో అందరి నోళ్లూ తెరిపించే ఆ మనిషి తన నోరు తెరవడం మాత్రం అరుదు. మాటలన్నీ ఆయన భార్యవే. ఆమెను వీధంతా చీనమ్మ అని పిలిచేది. పుట్టింది కలకత్తాలో, మెట్టింది హైదరాబాదులో, బతుకుదెరువుకు వచ్చింది మా ఊరికి. ఉర్దూ, తెలుగు కలిపి గడగడా మాట్లాడేది. చీనా దేశాన్ని ఆమె ఎన్నడూ చూడలేదట. అయినా తాతల నాటి ఆచారాల్లో ఒక్కదాన్నీ వదిలిపెట్టలేదు.

వాళ్ల కొత్త సంవత్సరం నాడు తలుపుకు ఎర్ర కాగితాలు అంటించేది. ఆ ఒక్క రోజూ చీపురు ముట్టేది కాదు. ఊడిస్తే ఇంట్లోకి వచ్చిన అదృష్టం చెత్తతో పాటు బయటికి పోతుందని వాళ్ల నమ్మకం. మా నాయనమ్మ అది విని "సాకు మంచిగనే దొరికింది" అని మూతి విరిచింది. విరిచింది కానీ, ఆ రోజు పనామెను కూడా వాళ్ల వాకిలి జోలికి పోనివ్వలేదు. ఇల్లు నాయనమ్మది. మనిషి పిడికెడు, పెత్తనం మాత్రం ఇంటి నిండా. కరణ్‌కోట దిక్కు బండల గనిలో పదిమందిని అదిలించే మా నాయన కూడా ఆమె ముందు నోరు మెదిపేవాడు కాదు.

ఆ ఏడు మా అమ్మకు మూడో కాన్పయింది. మొదట నేను, నా తర్వాత చెల్లెలు, చెల్లెలి తర్వాత మళ్లీ ఆడపిల్లే. మంత్రసాని చెప్పిన మాట విని నాయనమ్మ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. అరిచినా బాగుండేది. ఎవరికీ కబురు పంపలేదు, ఎవరినీ పిలవలేదు. ఇరవై ఒకటో రోజు వచ్చింది, పోయింది. అటక మీది తొట్టెల, అదే ఉయ్యాల, కిందికి దిగలేదు. మా ఇంట్లో తొట్టెలలో వేసిన రోజే బిడ్డకు పేరు పెడతారు. తొట్టెల దిగలేదు కనుక పేరూ లేదు. పాలకు ఏడిస్తే "గా పొల్ల ఏడుస్తుంది చూడు" అనేవారు, అంతే. అమ్మ మా నాయనను ఒకే మాట అడిగేది, "పేరన్న పెట్టుమనరాదు అత్తమ్మను." ఆయన గోడ వంక చూసేవాడు. నాకు తెలియకుండానే నాకూ సిగ్గు పట్టుకుంది. బడిలో మా ఇంట్లో పాప పుట్టిందని నేను ఎవరితోనూ అనలేదు.

చీనమ్మ ఒక్కతే రోజూ లోపలికి వచ్చేది. వాళ్లలోనూ బాలింత నెల రోజులు గడప దాటదట, చల్లనీళ్లు ముట్టదట. అల్లం దంచి, బెల్లం వేసి మరిగించిన కషాయం తెచ్చి అమ్మ తాగేదాకా పక్కనే కూర్చునేది. ఒకనాడు పాపను ఒళ్లో వేసుకుని పేరేమిటని అడిగింది. అమ్మ తల దించుకుంది. చీనమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది.

పాపకు నెల నిండిన రోజు పొద్దున్నే వీధిలో కేకలు వినబడి లేచాను. ప్రతి ఇంటి గడప మీదా ఒక ఎర్రగుడ్డు. చిక్కటి ఎరుపు, కింద చిన్న ఎర్ర కాగితం ముక్క. మా దిక్కు ఎర్రగుడ్డంటే ఏమిటో తెలియనివాళ్లు ఉండరు. నాలుగు దారులు కలిసే చోట కుంకుమ పూసిన గుడ్డు, కోసిన నిమ్మకాయ కనబడితే పెద్దవాళ్లు కూడా చుట్టు తిరిగి పోతారు. అలాంటిది ఏకంగా గడపల మీదికే వచ్చాయి. అదీ అమావాస్య నాడు. ఒకామె తన బర్రె పాలివ్వడం లేదంది. ఇంకొకామెకు అక్కడే నిలబడి కడుపునొప్పి మొదలైంది. ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

ఇంతలో చీనమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఆమె వేళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఇంకేం కావాలి! మూల మీది కిరాణా దుకాణపాయన అందరికంటే ముందుకు వచ్చి నాయనమ్మతో అన్నాడు, "పెద్దమ్మా, గామెను ఇయాల్నే ఖాళీ చేపియ్యి. లేకుంటె సామాను మేమే బయట పడేస్తం."

చీనమ్మ ముఖం పాలిపోయింది. అయినా ఒక అడుగు ముందుకే వేసింది.

"పరేషాన్ గాకుండ్రి. అది రంగు, ఇంకేం గాదు. మాది రివాజు. ఇంట్ల పిల్ల పుట్టి నెల నిండితె ఎర్రగుడ్లు పంచుతం. లేవంగనె అందరికి ఖుషీ కబురు తెలవాలెనని గడపల మీద పెట్టిన."

"మీ ఇంట్ల ఎవరు పుట్టిన్రు?" అన్నాడాయన.

"ఈ ఇంట్ల పుట్టలేదా? నెలయింది. ఎవ్వరు చెప్పలే. అందుకే నేను చెప్పిన."

ఎవరో ఆడమనిషి వెనకనుంచి అడిగింది, ఆడపిల్లకు కూడా పంచుతారా మీలో అని.

"అందరు పంచరు" అంది చీనమ్మ. "మాదాంట్ల గూడ కొడుకైతెనే అనేటోళ్లు మస్తుమంది. నేను పుట్టినప్పుడు మా నాయనమ్మ వద్దన్నది. మా నాయన తనే రంగేసి గల్లీ అంత పంచిండు. ఎన్ని కష్టాలొచ్చినా ఆ మాట తలుచుకుంటె నాకు ధైర్యం."

కిరాయికి ఉన్న మనిషి మా ఇంటి సంగతి వీధిలో పెట్టేసింది. నాయనమ్మ ఇక ఆమెను బతకనివ్వదనుకున్నాను. నాయనమ్మ గిర్రున తిరిగి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు చేతుల్లో పాప ఉంది. నెల రోజుల్లో ఆమె ఆ పిల్లను ఎత్తుకోవడం అదే మొదటిసారి.

గడప మీద నిలబడి అంది, "ఇగో, ఇది నా మనుమరాలు. గా గుడ్లు దీని పండుగయి. తినెటోళ్లు తినుండ్రి, భయమైనోళ్లు తెచ్చి నాకియ్యుండ్రి. నా ఇంట్ల ఉన్న మనిషి మీదికొస్తె నేనూకుంటనా?"

తర్వాత మా గడప మీది గుడ్డును ఒలిచి ఇమ్మని చీనమ్మతో అన్నది. ఒలిచిన గుడ్డు మీద అక్కడక్కడా ఎర్రటి మరకలు. నాయనమ్మ దాన్ని అందరి ముందూ తీరిగ్గా నమిలి తిన్నది. ఆమె ఎప్పుడు కింద పడుతుందా అని వీధంతా ఊపిరి బిగబట్టి చూసింది. మింగి, మూతి తుడుచుకుని, "జర ఉప్పు దొరకలేదా నీకు?" అంది చీనమ్మతో. ఎవరో పక్కున నవ్వారు. కిరాణా ఆయన చల్లగా జారుకున్నాడు.

అప్పుడు ఎదురింటి ముసలమ్మ అడిగింది, "అదంత సరేగని, పిల్ల పేరేంది?"

నాయనమ్మ పాప ముఖంలోకి చూసింది.

"నా పేరే" అంది.

తలుపు చాటున నిలబడ్డ అమ్మ బోరున ఏడ్చింది. పాప పుట్టాక ఆమె గొంతు పైకి లేవగా నేను విన్నది అదే మొదలు. అమావాస్య అని ఎవరో నసిగినా మధ్యాహ్నానికల్లా తొట్టెల దిగింది, వీధి ఆడవాళ్లంతా వచ్చారు. మొదటి ఊపు చీనమ్మతోనే ఊపించింది నాయనమ్మ. ఆ పిల్ల ఇప్పుడు మోమిన్‌పేట్‌లో టీచరు. నాయనమ్మ పేరుతో ఆమెను నలుగురు గౌరవంగా పిలుస్తుంటే నాకు ఛాతీ ఉప్పొంగుతుంది.

చీనమ్మ అదంతా కావాలనే చేసిందా, అమాయకంగా చేసిందా, నాకు ఇప్పటికీ తేలలేదు. నాయనమ్మ మటుకు ఆమెను బతికినంతకాలం "మాయలాడి" అని ముద్దుగా తిట్టింది. కొన్నాళ్లకు వాళ్లు హైదరాబాదు వెళ్లిపోయారు. ఆ రోజును తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ ఇద్దరు ఆడవాళ్ల మీదా గర్వమే. భయపడుతూ కూడా వెనక్కి తగ్గని చీనమ్మ మీద ఎంతో, వీధి మొత్తం చూస్తుండగా తన మనసు మార్చుకున్న మా నాయనమ్మ మీద అంతకంటే ఎక్కువ. పెద్దరికం అంటే ఏమిటో నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. నేను ఆ గడప మీద చూశాను. మంచి కబురును గొంతు దించి చెప్పకూడదని కూడా ఆ రోజే నేర్చుకున్నాను.

మొన్నీమధ్య వికారాబాద్‌లో ఒక దవాఖానాలో నా కోడలికి కాన్పయింది. బయట వరండాలో కుర్చీల నిండా జనం. నర్సు పిల్ల నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర వంగి, ఓదార్చినట్టుగా, "పాపనే అమ్మా" అంది.

"గట్ల గుసగుసలాడుతవేంది బిడ్డా?" అన్నాను. "గట్టిగ చెప్పు. ఈడున్నోళ్లందరు వినాలె."