ఇంజన్ వెనుక, పెట్రోలు ముందు

కొత్తవాడలో పర్శరాములు ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ పర్శరాములు అని ఎదురు అడుగుతారు. కార్ల పర్శరాములు అన్నారా, ఇక అడ్రస్ అక్కర్లేదు. అతనికి అప్పటికి కారు లేదన్నది వేరే సంగతి.

నాకు రంగుల దుకాణం ఉంది. ఇంట్లో నేసే దర్రీల, అంటే జంపఖానాల, నూలుకు రంగులు కొనడానికి వచ్చినప్పుడల్లా పర్శరాములు నా బుర్ర తినేవాడు. నిజం చెప్పాలంటే నాకు కార్లంటే పడదు, ఎక్కితే కడుపులో తిప్పుతుంది. అయినా ఇరవై ఏళ్లుగా విన్నాను. వినకపోతే అతను రంగు కొనకుండా గంటసేపు నిలబడతాడు.

ఈ పిచ్చి అతనికి చిత్తు కాగితాల వల్ల పట్టింది. దర్రీలు చుట్టడానికి పాత పేపర్లు కిలోల లెక్కన కొంటారు. వాటిలో కార్ల బొమ్మలున్న పేజీలు అతను విడిగా దాచుకునేవాడు. ఫోన్ వచ్చాక ఇక అడ్డే లేకుండా పోయింది. ఒకసారి ఒకాయన ఓమ్ని వ్యాను ఆపి ఎర్ర రంగు అడిగాడు. నేను డబ్బా తీసేలోపే పర్శరాములు అందుకున్నాడు.

"సార్, మీరు ఇంజన్ మీదనే కూసున్నరు, ఎరుకేనా? దీని ఇంజన్ ముందు సీట్ల కిందనే ఉంటది. మూడు సిలిండర్లు, ఏడు వందల తొంభై ఆరు సీసీ. మారుతి ఎనిమిది వందల దాంట్ల ఉన్నదే ఇది!"

పాపం ఆయన ఎర్ర రంగు మరిచిపోయి నీలం తీసుకుపోయాడు. మరోసారి, మన దేశంలోనే మూడు చక్రాల కారు చేశారని, దాని పేరు బాదల్ అని చెప్తే కోతలు కోస్తున్నాడనుకుని నవ్వాను. ఫోన్‌లో బొమ్మ చూపించాడు. ముందు ఒకటే చక్రం! ఆ రోజు చాయ్ నేనే పోయించాల్సి వచ్చింది.

అతని భార్య పోశవ్వకు ఇవేవీ పట్టవు. వాళ్లింట్లో రంగులద్దడం, పడుగు దారాలు సర్దడం, దుకాణాల చుట్టూ తిరగడం పర్శరాములు పని. మగ్గం మీద కూర్చునేది పోశవ్వ. ముప్పై ఏళ్లుగా ఆమె నేస్తూనే ఉంది, అతను చెప్తూనే ఉన్నాడు.

పోయినేడు హన్మకొండలో ఒక లెక్చరర్ తన పాత నానో అమ్మితే పర్శరాములు కొన్నాడు. వాడంతా వచ్చి చూసింది. అతను వెనక డిక్కీ దగ్గర నిలబడి చెప్పాడు. ఇంజన్ ఇక్కడ, వెనుక ఉంటుంది. రెండే సిలిండర్లు, ఆరు వందల ఇరవై నాలుగు సీసీ. పెట్రోలు మాత్రం ముందు బానెట్ ఎత్తి పోయాలి. చక్రానికి మూడే నట్లు, అద్దానికి ఒకటే వైపరు. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. చివరికి ఎవరో, "ఏదీ, ఒక చక్కర్ కొట్టు" అన్నారు. పర్శరాములు మెడ గోక్కున్నాడు. అతనికి నడపడం రాదు!

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ములుగులో పోశవ్వ అక్క సోమక్క కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి రమ్మని ఫోన్ చేస్తే, "వదినె, ఈసారి బస్సు ముచ్చట లేదు. నా కార్ల నేనే నడుపుకుంట వస్త" అని మాటిచ్చేశాడు. ముహూర్తం రెండు నెలల్లో ఉంది. సోమక్క ఆ మాట చుట్టాలందరికీ చెప్పింది. ఇక రాకపోతే పరువు పోతుంది, బస్సులో వస్తే ఇంకా పోతుంది.

లెర్నింగ్ లైసెన్సుకు ఒక్కడే పోవడం సిగ్గనిపించి పోశవ్వ చేత కూడా దరఖాస్తు చేయించాడు. ఇద్దరూ పాసయ్యారు. నేర్పడానికి డ్రైవింగ్ స్కూలు కుర్రాడు భానుచందర్ కుదిరాడు. రోజూ పొద్దున్నే ఖాళీ మైదానంలో పాఠం. పోశవ్వ వెనక సీట్లో కూర్చుని దర్రీ అంచులకు ముడులు వేసుకునేది.

పర్శరాములు గేరు వేస్తాడు, క్లచ్ వదులుతాడు, బండి ఒక ఎగురు ఎగిరి ఆగిపోతుంది.

"అన్నా, క్లచ్ జర మెల్లగ వదులు," అనేవాడు భానుచందర్.

"క్లచ్ ప్లేటు ఫ్లయ్‌వీలుకు తగిలే టైముల..." అని పర్శరాములు మొదలుపెట్టేవాడు.

"అది నాకు చెప్పకన్నా, నీ కాలికి చెప్పు!"

ఆగిన బండి చుట్టూ వాకింగుకు వచ్చినవాళ్లు చేరేవారు. పర్శరాములు దిగి వాళ్లను పక్కకు తీసుకుపోయి ఇంజన్ కథ చెప్పడంలో పడేవాడు. ఒకరోజు ఆ సందులో భానుచందర్ ఊరికే ఉండలేక, "అక్కా, నువ్వు కూసో" అన్నాడు. పోశవ్వ ముడులు పక్కన పెట్టి ముందుకొచ్చింది. బండి కుదుపు లేకుండా కదిలింది.

"అక్కా, ముందే నేర్చినవా ఏంది?"

"మగ్గం కింద రెండు చెక్కలుంటయి బిడ్డా. ఒక కాలు దిగుతాంటే ఇంకో కాలు లేవాలె. గిది గూడ గంతే గదా," అంది పోశవ్వ.

పర్శరాములు వెనక్కి తిరిగి చూసేసరికి తన కారు మైదానం చుట్టూ తిరుగుతోంది. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా అతను ఒక్క సీసీ కూడా చెప్పలేదు.

అసలు లైసెన్సుకు బండి నడిపి చూపించే పరీక్షలో అతను రెండుసార్లు తప్పాడు. గృహప్రవేశం ఆదివారమనగా శుక్రవారం మూడోసారి పోయాడు, ఈసారి పోశవ్వ కూడా పోయింది. అతను మళ్లీ తప్పాడు. ఆమె పాసయింది. సాయంత్రం నా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఎప్పుడూ అతన్ని ఆటపట్టించే నేను ఆ రోజు చాయ్ తెప్పించాను.

"ఓంకారూ, ఇన్నేండ్లు చదివి ఏం ఫాయిదా? బండి ముందటికి పోనిచ్చుడు గూడ రాకపాయె," అన్నాడు. కాసేపటికి తనే ఉపాయం చెప్పాడు. ములుగు దగ్గరికి వచ్చేదాకా పోశవ్వ నడుపుతుంది. ములుగుకు ముందొచ్చే జాకారం ఊరు దాటాక మనుషులు లేని చోట సీట్లు మారతారు. చివరి ముక్క మాత్రం అతను నడిపి వాకిట్లో దిగుతాడు. పక్కన లైసెన్సున్న ఆమె ఉంటుంది కాబట్టి తప్పు కూడా కాదట. పోశవ్వ సరేనంది. సాక్షిగా నన్ను వెనక సీట్లో ఇరికించారు.

ఆ బండికి వెనక డిక్కీ తలుపు తెరుచుకోదు. సోమక్కకు నేసిన పెద్ద దర్రీ చుట్టను లోపల పెట్టడానికి ముందు సీట్ల మధ్య నుంచి నా భుజం దాకా ఆనించాల్సి వచ్చింది. అలా నలభై కిలోమీటర్లు మోశాను. కానీ ఒక మాట చెప్పాలి. నా కడుపులో తిప్పలేదు. గేరు మారడం కూడా తెలియకుండా నడిపింది పోశవ్వ.

జాకారం దాటాక బండి పక్కకు ఆపి దిగింది. పర్శరాములు కూడా దిగి చుట్టూ తిరిగి వచ్చాడు. ఆమె ఇంజన్ ఆపకుండానే తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

"రా, కూసో. నేను పక్కకే ఉంట, ఫికర్ చెయ్యకు," అంది.

అతను స్టీరింగును చూశాడు. ఆమె కాళ్లను చూశాడు. మగ్గం చెక్కలు తొక్కి తొక్కి మడమలు కాయలు కాసిన కాళ్లు.

"పోశవ్వా, ముప్పై ఏండ్ల సంది కార్ల ముచ్చట నేనే చెప్తాన. నువ్వొక్కనాడన్న చెవి పెట్టినవా?"

"ఇన్న. మగ్గం నడుపుకుంట ఇన్న, గందుకే సప్పుడు చెయ్యలే."

అతను పెద్దగా నవ్వాడు. "నువ్వే కూసో. ఇంటి దాక నువ్వే పోనియ్," అని ఎడమ తలుపు తీసుకుని ఎక్కాడు.

సోమక్క వాకిట్లో చుట్టాలంతా నిలబడి ఉన్నారు. బండి వచ్చి మామిడాకుల తోరణం ముందు మెత్తగా ఆగింది. కుడి తలుపు తెరుచుకుని పోశవ్వ దిగడంతో సోమక్క బుగ్గన చేయి పెట్టుకుంది.

"ఏంది మరిదీ, నేనే నడుపుకుంట వస్తనంటివి?"

నేను దర్రీ చుట్టను పక్కకు నెట్టి తల బయటపెట్టాను. పర్శరాములు దిగి, చొక్కా సర్దుకుని, డిక్కీ మీద ఒక చెయ్యి వేశాడు. ఊళ్లో వందసార్లు విన్న పాఠమే, అదే గొంతుతో మొదలుపెట్టాడు.

"వదినె, ఈ బండి కథనే వేరు. ఇంజనేమో వెనుక. పెట్రోలేమో ముందట." పోశవ్వ వైపు చూశాడు. "నడిపేది మా ఇంటామె. నాకు రాదు."