ఆమేన్ అన్నోళ్ళే పని చెయ్యాల

సహోదరులారా, మా ఇంటాయన యేసుదాసు తెల్లారి లేస్తానే ఒకటే ప్రార్థన చేసేవాడు, "ప్రభువా, ఈ దినమన్నా నన్ను తీసుకుపో" అని! వయసులో బంగారు గనిలోకి దిగిన మనిషి, గని మూతపడి ఇన్నేండ్లయినా ఆ రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది, నాలుగడుగులేస్తే రొప్పు, పండుకుంటే దగ్గు. నేనేమో చీకటితోనే బెంగళూరు రైలెక్కి ఆఫీసుల్లో నేల తుడిచేదానికి పోవాల, పోకపోతే పొయ్యి వెలగదు, పోతే ఆయన పొద్దుగూకేదాకా ఒంటిగాడు. ఒక దినం నేనొచ్చి చూస్తే కిందపడి లేవలేక, గుక్కెడు నీళ్ళడిగేదానికి మనిషి లేక, అట్లే పడుండాడు. లేపి కూచోబెట్టి నీళ్ళు తాపినాను తల్లీ!

ప్రార్థన చెయ్యనోళ్ళు లేరప్పా. వచ్చేవాళ్ళు, మోకరించేవాళ్ళు, గోడలదిరేట్లు ఆమేన్ అనేవాళ్ళు, టీ తాగి పొయ్యేవాళ్ళు. వాళ్ళ భక్తిని నేను తప్పు పట్టను, అయితే మధ్యాన్నం ఆయనకి గంజి పోసేదానికి ఆ ఆమేన్ రాలేదు కదా!

అప్పుడు మా ఆండర్సన్‌పేటలోనే కొన్ని విశ్వాస కుటుంబాలు ఒకే వరస ఇండ్లు బాడిగకి తీసుకొని, ఒకే వంటిల్లు పెట్టుకొని కలిసి బతుకుతా ఉండారని విన్నాను. ఏ కులమని అడిగేది లేదు, టీచరమ్మకీ ఆటో తోలే అన్నకీ ఒకే కుండలో సంగటి. ఒక ఆదివారం సాయంత్రం పోయి వాళ్ళ మధ్య మోకరించి, "తండ్రీ, నేను రైలుకి పోయినాక నా మొగుణ్ణి నువ్వే చూసుకో" అని ఏడ్చి ప్రార్థించినాను. ఒక్కరూ ఆమేన్ అనలేదు! ఇంత అవమానమా అని నాకు ఒళ్ళు మండి, కొంగు దులుపుకొని లేచినాను.

వాళ్ళల్లో పెద్దామె సారమ్మక్క నా చెయ్యి పట్టుకొనింది. "కూచో రూతమ్మా, మాకాడ పద్ధతి ఇది. ఆమేన్ అన్నోళ్ళు ఆ ప్రార్థనలో ఒక పని నెత్తినేసుకోవాల, అందుకే అందరూ ఆలోచిస్తాండారు. మధ్యాన్నం గంజి నేను పోస్తాను, ఆమేన్" అనింది. ఆటో అన్న, "ఆస్పత్రికి నేను పిల్చుకొని పోతాను, ఆమేన్" అన్నాడు. టీచరమ్మ, "గనిలో పనిచేసినోళ్ళందరికీ ఊపిరి పరీక్ష చెయ్యాలని అర్జీ రాస్తాను, అందరం కలిసి పోయి గని ఆఫీసు ముందర కూచుందాం, ఆమేన్" అనింది. ఇంగ నా ఏడుపు ఆగితే కదా!

మేమూ ఆ వరసలోకే మారినాము. అయినా ఆయన ప్రార్థన మారలేదు సహోదరులారా, "అందరికీ భారమైపోతిని" అని కుమిలిపొయ్యేవాడు. ఒకసారి మా ఇంట్లోనే ప్రార్థన జరిగింది. నాతోపాటు రైలెక్కే సెల్వి, చంటిబిడ్డ తల్లి, "ప్రభువా, నేను పనికి పోతే నా పాపని చూసేవాళ్ళని ఇయ్యి" అని అడిగింది. అందరూ ఇప్పటికే తలకు మించిన పని ఎత్తుకున్నోళ్ళే, ఎవురూ ఆమేన్ అనలేకపోయినారు. అప్పుడు మంచం మీదనుంచి మా ఇంటాయన రొప్పుతా, "ఊయల తాడు నా చేతికియ్యండి. బిడ్డ ఏడిస్తే సారమ్మక్కని పిలుస్తాను. ఆమేన్" అన్నాడు.

ఆయన ఊపిరితిత్తులు బాగుపడలేదు, అబద్ధ సాక్ష్యం నేను చెప్పను. అయితే ఆ చావు ప్రార్థన పోయింది! ఇప్పుడు లేస్తానే "పాప యాడుండాది, ఇంగా తేలేదా?" అంటాడు, ఆపైన, "ప్రభువా, ఈ దినానికి కూడా ఊపిరియ్యి, నాకు పనుండాది" అని అడుగుతాడు. దేవునికే మహిమ!

మీ ఇంట్లో కూడా అట్ల మంచం పట్టిన మనిషి ఉంటే ఒంటిగా మొయ్యొద్దండప్పా, దేవుణ్ణి నమ్మి నోరు తెరిచి అడగండి. ఆదివారం సాయంత్రం మాకాడికి రండి, ఆ మనిషిని కూడా తోడుకొని రండి. ఆ మనిషితో ఎవురికి పని పడుంటాదో మనకేం తెలుసు!