సాంచాల మోతలో పిలుపు

పేరు పెట్టి పిలిచే దేవునికి స్తోత్రం.

సిరిసిల్లలో మేము పనిచేసే సాంచాల షెడ్డులో, అంటే మరమగ్గాల షెడ్డులో, ఒక అవ్వ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉండి ఆమె చెవులు పూర్తిగా పోయాయి. అయినా ఉన్నట్టుండి తల ఎత్తి, ఎవరూ లేని మూలకు చూసి, "ఇంటున్న సామీ" అనేది.

"చెవుల్లేని అవ్వకు ఫోనచ్చింది!" అని మా ఆడబిడ్డ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

ఒక మధ్యాహ్నం అవ్వ అలాగే జవాబిచ్చి, రాట్నం వదిలి పెరటి వైపు నడిచింది. పని మధ్యలో ఆమె ఎన్నడూ లేచేది కాదు. వెనకాలే వెళ్లాను. పక్కగదిలో పడుకోబెట్టిన నా రెండేళ్ల బిడ్డ పెరట్లోని నీళ్ల గోలెంలో తలకిందులుగా ఉంది. అవ్వ అప్పటికే దాన్ని పైకి లాగుతోంది.

బిడ్డ దగ్గి, ఊపిరి తీసుకుంది. "నీకెట్ల తెలిసింది అవ్వా?" అని సైగ చేశాను.

"పోరి ఏడ్చినా నాకు ఇనబడదు గద బిడ్డా. ఆయన పిలిచిండు, పోయిన. ఎందుకని అడిగితె ఆలస్యమైతుండె."

బైబిల్లో దేవుడు పిలిస్తే, పిలిచిందెవరో తెలియకుండానే బాలుడైన సమూయేలు మూడుసార్లు లేచాడు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో! అవ్వను చూశాకే అర్థమైంది.

అవ్వ ఇప్పుడు లేదు. ఆమె రాట్నం దగ్గర నేను కూర్చుంటున్నాను. నిన్న సాంచాలన్నీ మోగుతుండగా, ఆ ఖాళీ మూల నుండి నా పేరు స్పష్టంగా వినబడింది. భయపడి నేను లేవలేదు.

మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఇంకొక్కసారి పిలువు. ఈసారి లేస్తాను.